రెండు గడియారాల చ్యూ ఇంజనీరు

చ్యూ మావ్‌లిన్ ఇంజనీరు రెండు చేతులకూ రెండు గడియారాలు పెట్టుకునేవాడు. కుడిచేతిది తిరుగుతుంది. ఎడమచేతిది ఎప్పుడో ఆగిపోయింది. ఆగిపోయినదాన్ని మోయడం దేనికని కొత్తగా వచ్చినవాళ్లెవరైనా అడిగితే, ఆయన వాళ్లవైపు జాలిగా చూసి, "మరి అటువైపో?" అనేవాడు.

ఆయనకున్న ఏకైక జబ్బు అదే. వస్తువు కానీ, పని కానీ, చివరికి మాట కానీ, ఒకవైపే ఉంటే ఆయనకు తిన్నది అరగదు. రెండోవైపు కూడా అంతే బరువు పడాలి. వాన వస్తే కుడిచేత్తో గొడుగు పట్టుకుంటాడు, ఎడమచేత్తో ఒక ముల్లంగి. గొడుగెంత బరువో ముల్లంగీ అంతే. వాన వెలిశాక ముల్లంగిని క్యాంటీన్‌లో ఇచ్చేసేవాడు కాబట్టి, వానాకాలమంతా ఆ క్యాంటీన్‌లో ముల్లంగి పులుసే.

ఈ జబ్బు ఆయనకు పుట్టుకతో వచ్చింది కాదు, వృత్తి అంటించింది. చైనాలోని గ్వీజౌ కొండల్లో తీగల వంతెన కట్టడమంటే కావడి మోయడమే. లోయ అంచున ఒక టవరు లేపుతారు. ఆ టవరుకు కొండవైపు ఒక ముక్క రోడ్డు, లోయవైపు ఒక ముక్క రోడ్డు తగిలించి, టవరు తల దగ్గర్నుంచి ఉక్కు తీగలు దించి రెంటినీ పట్టి ఉంచుతారు. మళ్లీ ఇటో ముక్క, అటో ముక్క. కింద ఆసరా ఏమీ ఉండదు, అంతా గాలే. ఒకవైపు బరువెక్కితే కావడి వంగుతుంది. ఇరవై ఏళ్లు ఆ కావడి మోసి మోసి, చ్యూ ఇంజనీరుకు లోకమంతా కావడిలాగే కనిపించడం మొదలుపెట్టింది.

భోజనాల దగ్గర గుండ్రటి బల్లకు ఒకవైపు ముగ్గురు లావుపాటి క్రేన్‌వాళ్లు కూర్చుంటే ఆయన గిన్నె పట్టుకుని నిలబడిపోయేవాడు. ఎదురుగా ఉన్న బక్కపలచని కుర్ర ఇంజనీరు ఒళ్లో బియ్యం గోనె ఒకటి, దాని మీద ఊరగాయ జాడీ ఒకటి పెట్టించాకగానీ ముద్ద ఎత్తేవాడు కాదు. క్యాంటీన్ నడిపే లియావ్ పిన్నికి మాత్రం ఆయన మీద గొప్ప ఒళ్లుమంట. ఒకరోజు ఆవిడ భోజనం డబ్బాలు లోయవైపు పనిచేసేవాళ్లకు ముందుగా పంపింది.

"పిన్నీ, అన్నం ఎటు పంపావు?" అని పరుగెత్తుకొచ్చాడు చ్యూ ఇంజనీరు.

"ఆకలేసినవాళ్ల దగ్గరికి."

"మరి అటువైపో?"

"అటువాళ్లది ఇంకా ఉడుకుతోంది."

"అయితే అది ఉడికేదాకా ఇటువాళ్లు తినకూడదు."

"డబ్బాలో ఉన్నా అదే బరువు, కడుపులో ఉన్నా అదే బరువు. తింటే ఏం మునిగిపోతుందయ్యా?"

ఆయన కాసేపు ఆలోచించాడు. "నిజమే పిన్నీ. అసలు పంపకుండా ఉండాల్సింది." అని, డబ్బాలన్నీ వెనక్కి తెప్పించాడు. ఆ రోజు రెండువైపులవాళ్లూ సరిసమానంగా ఆకలితో మాడారు.

అన్నిటికంటే ఘోరం తిట్లు. లోయకు ఉత్తరాన పింగ్‌యా అనే పల్లె దగ్గర ఒక టవరు, దక్షిణాన షీతాన్ అనే ఊరి దగ్గర ఒక టవరు. ఉత్తరాన వెల్డింగు చేసేవాడొకడు టోపీ లేకుండా దొరికాడు. వాణ్ణి నిలబెట్టి కడిగేశాక, చ్యూ ఇంజనీరు ఫోను తీసి దక్షిణాన క్రేన్ నడిపే డెంగ్‌కు చేశాడు.

"డెంగ్, నీకు బుద్ధుందా? కళ్లు నెత్తికెక్కాయా?"

"నేనేం చేశాను సార్?"

"నువ్వేం చేయలేదు. ఇక్కడ ఒకణ్ణి తిట్టాను." అని ఫోను పెట్టేశాడు.

కొన్నాళ్లకు అందరికీ అలవాటైపోయింది. ఉత్తరాన ఏదైనా పొరపాటు జరిగిందని తెలిస్తే దక్షిణంవాళ్లే ఫోను చేసి, "మా వంతు ఇప్పుడే ఇచ్చేస్తారా, టీ తాగి రమ్మంటారా?" అని అడిగేవాళ్లు. మెచ్చుకోళ్లూ అంతే. ఒక ఒడ్డున ఎవడో చెమటోడ్చి పనిచేస్తే, రెండో ఒడ్డున ఎవడో చెట్టుకింద కూర్చుని శభాష్ అనిపించుకునేవాడు.

ఈ మనిషి కింద పనిచేయడానికి వచ్చింది తావ్ మిన్. పాతికేళ్ల పిల్ల, మాటంటే పడే రకం కాదు. రోజూ పొద్దున్నే లెవెల్ యంత్రం పెట్టి, లోయలోకి సాగుతున్న రోడ్డు కొసలు ఎంత ఎత్తున ఉన్నాయో కొలవడం ఆమె పని. ఉత్తరపు ఒడ్డున పింగ్‌యాలో లాంగ్ అవ్వ ఇంట్లో అద్దెకు దిగింది. ఉత్తరపు టవరు పాదం పడింది ఆ అవ్వ మొక్కజొన్న చేలోనే. ఆ పల్లెలో చదునుగా ఉన్న చేను అదొక్కటే. మిగతావన్నీ కొండ పక్కకు మెట్లుమెట్లుగా అతికించినవి. అవ్వ అడిగిన వెంటనే ఇచ్చేసింది.

ఎందుకిచ్చిందో తావ్ మిన్‌కు వారం తిరక్కుండానే తెలిసింది. అవ్వ చెల్లెలు ఎదుటి ఒడ్డున షీతాన్‌లో ఉంటుంది. అరుగు మీద నిలబడితే చెల్లెలి పెరడు కనిపిస్తుంది. కానీ అక్కడికి వెళ్లాలంటే కొండలన్నీ చుట్టి రోజంతా బస్సులో పోవాలి. అవ్వకు బస్సు పడదు. ఎక్కడం మాట అటుంచి, హారన్ వినిపిస్తేనే కడుపులో తిప్పుతుంది. అందుకని అక్కాచెల్లెళ్లిద్దరూ చెరో ఒడ్డునా నిలబడి, ఒకరినొకరు చూసుకుంటూ ఫోనులో మాట్లాడుకునేవాళ్లు.

"నీలం గుడ్డ చుట్టుకున్నావేంటే తలకి?"

"పాతది అక్కా. సన్నబడ్డానా?"

"బాగా సన్నబడ్డావే. తిండి తినడం లేదా?"

"నువ్వు చూస్తోంది నన్ను కాదు, చీపురుకట్టని. నేను కోళ్లగూడు దగ్గరున్నా."

వంతెన కలిసే రోజున నిన్ను ఆ కొసదాకా నేనే నడిపించుకెళ్తానని తావ్ మిన్ అవ్వకు మాటిచ్చింది. అవ్వ ఆ రోజు కోసం పెట్టెలోంచి వెండి నగలు తీసి బూడిదతో తోమి పెట్టుకుంది. ఆ పల్లెలో ఆడవాళ్లకు పండగంటే వెండే. తల మీద కొమ్ముల కిరీటం, మెడలో బొటనవేలంత లావు కంటెలు, రొమ్ము మీద పళ్లెమంత బిళ్ల. అవన్నీ పెట్టుకుంటే అవ్వ కంటే నగలే ఎక్కువ తూగుతాయి.

సరిగ్గా అప్పుడు ఊడిపడ్డాడు పెంగ్. పైనుంచి వచ్చిన ఆఫీసరు. వంతెన రెండు కొసలూ కలిసే రోజును అక్కడివాళ్లు డ్రాగన్లు కలిసే రోజంటారు. చివరి ఉక్కు ముక్కకు ఎర్ర పట్టు చుట్టి, బాణసంచా కాల్చి దింపుతారు. ఆ ఉత్సవం నడపడం పెంగ్ పని. మంచి రోడ్డు, హోటలు, కార్లు నిలిపే చోటు అన్నీ దక్షిణాన ఉన్నాయి కాబట్టి ఉత్సవం మొత్తం దక్షిణపు కొస మీదే అన్నాడు. పెద్దమనుషులు, ఫొటోలవాళ్లు, షీతాన్ ఆడవాళ్ల డోలు బృందం, సింహం ఆట, అందరూ అక్కడే. పింగ్‌యావాళ్లు గేటు బయట నిలబడి చూడొచ్చు. పనివాళ్లు తప్ప ఉత్తరాన ఎవరూ వంతెన ఎక్కడానికి వీల్లేదు.

అవ్వ చెల్లెలు డోలు బృందంలో తాళాలు వాయిస్తుంది. చెల్లెలు వంతెన కొసన నిలబడుతుంది, అక్క గేటు బయట ఉండిపోతుంది. తావ్ మిన్‌కు ఒళ్లు మండిపోయింది. తిన్నగా చ్యూ ఇంజనీరు గదికి వెళ్లింది.

"సార్, చేను ఇచ్చింది పింగ్‌యావాళ్లు. దుమ్ము తిన్నది వాళ్లు. తీరా ఆ రోజున వాళ్లని గేటు బయట నిలబెడతారా?"

ఆయన తలెత్తలేదు. "దక్షిణాన ఎంతమంది ఎక్కుతున్నారట?"

"నేనడిగేది ఉత్తరం సంగతి."

"డోలు పెద్దదా, చిన్నదా?"

"సార్, మనుషుల గురించి మాట్లాడుతున్నాను."

"నేనూ మనుషుల గురించే అడుగుతున్నా. సింహం లోపల ఇద్దరుంటారా, ఒక్కడేనా?"

తావ్ మిన్ తలుపు దడాలున వేసి వచ్చేసింది. ఆ రాక్షసుడికి తూకం తప్ప మనసు లేదని లియావ్ పిన్ని దగ్గర కసితీరా చెప్పుకుంది. పిన్ని సగం విని, "నాకిప్పుడు ఖాళీ లేదమ్మా, నీళ్లతో చస్తున్నా" అంటూ లోపలికి పోయింది. ఇంటికెళ్లి అవ్వకు సంగతి ఎలా చెప్పాలో తావ్ మిన్‌కు తెలియలేదు. అవ్వ నగలు ముందేసుకుని, ఏది ముందు పెట్టుకోవాలో చూసుకుంటోంది.

మర్నాడే ఆ రోజు. పొద్దున మబ్బు దట్టంగా పట్టింది. వంతెనవాళ్లకు అంతకంటే శుభం లేదు. ఎండ తగిలితే ఉక్కు సాగుతుంది, మధ్యలో ఖాళీ తగ్గుతుంది, కొలత ప్రకారం కోయించిన ముక్క దూరదు. అందుకే ఎండ రాకముందే పని అయిపోవాలి. రెండు కొసల మధ్య ఒక బస్సు పట్టేంత ఖాళీ. కింద లోయ అడుగున నది. పైన క్రేన్‌కు వేలాడుతూ ఎర్ర పట్టు కట్టిన చివరి ముక్క. మూడేళ్ల పని ఆ ఖాళీ దగ్గర ఆగి ఉంది. ఎప్పుడూ వాగే డెంగ్ క్రేన్‌లో పళ్లు బిగించుకుని కూర్చున్నాడు.

దక్షిణపు కొసకు పెద్దమనుషులు వచ్చారు. ఎర్ర కుర్చీల్లో కూర్చున్నారు. డోలు వచ్చింది. సింహం వచ్చింది. ఉత్తరాన లెవెల్ యంత్రంలో చూస్తున్న తావ్ మిన్ ఉలిక్కిపడింది.

"దక్షిణం దిగింది సార్. రెండు వేళ్ల మందం."

చ్యూ ఇంజనీరు పక్కనే ఉన్నాడు. ముందురోజే ఉత్తరానికి వచ్చి మకాం వేశాడు. ఆయన ముఖంలో కంగారేమీ కనిపించలేదు. వైర్‌లెస్ తీసి, "పెంగ్‌గారూ, మరి ఇటువైపో?" అన్నాడు.

"ఏంటి ఇటువైపు?" అని వినిపించింది అటునుంచి.

"మీ బరువుకి మీ కొస దిగింది. మా కొస పైనుంది. ఇలా ఉంటే బోల్టులు పట్టవు. కుర్చీల్లో ఉన్నవాళ్లని లేచి వెనక్కి పొమ్మనండి."

"పెద్దవాళ్లు వాళ్లు. ఫొటోలు తీస్తున్నారు. కూర్చోబెట్టి లేవమంటానా? ఉత్తరాన బరువు పెట్టండి. నీళ్ల ట్యాంకులు ఉంటాయి కదా?"

"ఉన్నాయి, ఖాళీవి."

"నింపండి."

"మధ్యాహ్నం అవుతుంది."

"ఇసుక?"

"కింది నుంచి రావాలి. అదీ మధ్యాహ్నమే." ఆయన ఆకాశం వైపు చూశాడు. తూర్పున మబ్బు పలచబడుతోంది. "మధ్యాహ్నానికి ఎండ వస్తుంది. ఈరోజు కలవదు. పెద్దవాళ్లని భోజనం పెట్టి పంపించేయండి."

పెంగ్ గొంతు నీరసంగా వచ్చింది. "వెంటనే దొరికే బరువు ఇంకేమీ లేదా?"

"తనంతట తాను నడిచొచ్చే బరువైతే ఒకటుంది," అన్నాడు చ్యూ ఇంజనీరు. "గేటు బయట నిలబడి ఉంది."

తావ్ మిన్ యంత్రంలోంచి కన్ను తీసింది.

పెంగ్ ఊ అన్నాడో, ఉస్సురన్నాడో, మొత్తానికి గేటు తెరిచారు. పింగ్‌యా పల్లె పల్లెంతా వంతెన మీదికి పొంగింది. గేటు దగ్గర క్యాంటీన్ బియ్యం తూచే కాటా సిద్ధంగా ఉంది. ఆ వేళకు అది అక్కడికెలా వచ్చిందో అడిగే తీరిక ఎవరికీ లేదు. లియావ్ పిన్ని బరువులు చదువుతోంది, చ్యూ ఇంజనీరు నోటిలెక్క కూడుతున్నాడు.

"ఈ వెండి కిరీటం తీసి ఎక్కమంటారా సార్?" అని అడిగింది ఒకావిడ.

"వద్దమ్మా. ఇంట్లో ఇంకోటుంటే అది కూడా పెట్టుకు రండి."

"పిన్నీ, నా బరువు గట్టిగా చదవకు," అంది ఒక పిల్ల. "పెళ్లికావలసినదాన్ని."

"గట్టిగా చదివితేనే మంచిదే. ఈ పిల్ల లేకపోతే వంతెనే లేదంటారు."

మాంసం కొట్టువాడు పందిని తోలుకొచ్చాడు. ఒక్కదాంతో ముగ్గురి బరువు వస్తుంది కదా సార్ అన్నాడు. "అది ఒకచోట నిలబడదు. నువ్వు రా చాలు," అన్నాడు చ్యూ ఇంజనీరు. పందిని గేటుకు కట్టేసి, వాడు మాత్రం కొసకు నడిచాడు.

వెండి గలగలల మధ్య నుంచి తావ్ మిన్ అరుస్తోంది. "దిగుతోంది. ఇంకా. ఇంకా కొంచెం. చాలు, చాలు. సరిపోయింది." ఆ మాట అంటుండగానే ఆమెకు గేటు దగ్గర లాంగ్ అవ్వ కనిపించింది. కిరీటం పెట్టుకుని, నగలన్నీ దిగేసుకుని, అందరికంటే వెనక నిలబడిపోయింది. పెంగ్ మనిషి ఒకడు అవ్వను అడ్డగించి, "సరిపోయిందట. ఇక ఎవరూ అక్కర్లేదు," అంటున్నాడు.

చ్యూ ఇంజనీరు తావ్ మిన్ దగ్గరకు వచ్చాడు. "సరిగ్గా చూశావా?" అన్నాడు.

"చూశాను సార్. వెంట్రుకవాసి తేడా లేదు."

"మళ్లీ చూడు. ఇంకా కొంచెం కావాలేమో."

ఆమె మళ్లీ చూసింది. వెంట్రుకవాసి తేడా లేదు. తలెత్తి ఆయన ముఖం చూసింది. ఆయన మాత్రం ఆగిపోయిన గడియారంలో టైము చూసుకుంటున్నాడు. అప్పుడు తావ్ మిన్‌కు అర్థమైంది.

"కావాలి సార్," అంది గట్టిగా. "ఒక అవ్వంత కావాలి."

"విన్నావుగా," అన్నాడు ఆయన పెంగ్ మనిషితో. "వదులు ఆవిణ్ణి."

"గాలికి ఎగిరిపోయేలా ఉంది సార్ ఈవిడ. లావుపాటివాళ్లని పంపనా?"

"పెద్ద బండలు వేశాక చివరి సర్దుబాటుకి చిన్న రాయే కావాలి. కొసన నిలబెట్టు. ఇంకా ముందుకి. అదీ, ఆ కంచె దగ్గర."

ఆ కంచె అవతల ఖాళీ, ఖాళీకి అవతల దక్షిణపు కొస, ఆ కొసన తాళాలు పట్టుకుని చెల్లెలు. మధ్యలో ఒక బస్సంత గాలి. పేర్లు పెట్టి పిలుచుకుంటే వినిపించే దూరం. అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకుని, అలవాటు చొప్పున చెరో ఫోనూ బయటికి తీశారు.

"నీ పళ్లెటుపోయాయే?" అంది అవ్వ ఫోనులో.

"పోయి నాలుగేళ్లైంది అక్కా. ఫోనులో కనపడవు కదా."

ఉక్కు ముక్క దిగింది. డెంగ్ దాన్ని గాజుగిన్నె దించినట్టు దించాడు. సింహం తోక కూడా ఆడలేదు. ఇటు వేలెడు సందు, అటు వేలెడు సందు, తర్వాత అరవేలు, తర్వాత ఉక్కుకు ఉక్కు తగిలిన చప్పుడు. బోల్టులు ఒకటొకటిగా బిగిశాయి. తావ్ మిన్ యంత్రం వదిలేసి ఎగిరి గంతేసింది. డోలు మోగింది, బాణసంచా పేలింది, పందికి బెదురు పుట్టి గేటు ఊడబీకింది. సరిగ్గా అప్పుడే ఎండ కూడా వచ్చింది.

అందరికంటే ముందు కొత్త ముక్క మీద అడుగుపెట్టబోయింది లాంగ్ అవ్వ. చ్యూ ఇంజనీరు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఒక్కదానివే దాటితే ఎలా అవ్వా? మరి అటువైపో?" అని, దక్షిణం వైపు తిరిగి, "అక్కణ్ణుంచి కూడా ఒకరు రావాలి. ఆ తాళాలు పట్టుకున్నావిడ, నువ్వేనమ్మా, రా," అన్నాడు. ఇద్దరూ చెరోవైపు నుంచి నడిచి ఎర్ర పట్టు దగ్గర కలుసుకున్నారు. కలుసుకోవడంతోనే అవ్వ చెల్లెలి చెంప లాగి, "సన్నబడ్డావని చెప్పలేదూ?" అంది.

పెంగ్ ఆ ముక్క దాటి వచ్చి, అందరి ముందూ చ్యూ ఇంజనీరును దులిపేశాడు. ఇంత పెద్ద ఇంజనీరువి, ట్యాంకుల్లో నీళ్లున్నాయో లేదో ముందురోజు చూసుకోవా అన్నాడు. ఈ పొరపాటు పైవాళ్లకు చెప్పి తీరతానన్నాడు. "పొరపాటే. చెప్పండి," అన్నాడు చ్యూ ఇంజనీరు, చేతులు కట్టుకుని.

పెంగ్ వెళ్లాక లియావ్ పిన్ని అందుకుంది. "పొరపాటా? నిన్న సాయంత్రం నిండుగా ఉన్న ట్యాంకులన్నీ ఈయనే దగ్గరుండి వదిలించాడమ్మా. నీళ్లు వృథా చేయకూడదట. క్యాంపులో దుప్పట్లన్నీ నాచేత ఉతికించాడు. ఇంకా నడుం లాగుతోంది నాకు."

తావ్ మిన్ నడుం మీద చేతులేసుకుని ఆయన ముందు నిలబడింది. "ట్యాంకుల నీళ్లు ఏమయ్యాయి సార్?"

"లీకు."

"అన్ని ట్యాంకులూ ఒకేసారి లీకయ్యాయా?"

"సమానంగా లీకవ్వకపోతే తూకం ఏమవుతుందమ్మా?"

ఆమెకు నవ్వాగలేదు. రైలింగు పట్టుకుని, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. చ్యూ ఇంజనీరు ఇబ్బందిగా అటూ ఇటూ కదిలి, "నువ్వొక్కదానివే ఇటు నిలబడి అంత నవ్వితే ఎలా? మరి అటువైపో?" అన్నాడు. అని తనే అటు తిరిగి చూశాడు. నడిరోడ్డు మీద ఎర్ర పట్టు పరుచుకుని కూర్చున్న అక్కాచెల్లెళ్లు, ఒకరి ఫోనులోకి ఒకరు అరుచుకుంటూ, ఆ ఒడ్డుకూ ఈ ఒడ్డుకూ వినిపించేలా నవ్వుతున్నారు. ఆయన కాసేపు వాళ్లనూ, కాసేపు తావ్ మిన్‌నూ చూసి, సరే కానివ్వండన్నట్టు తలూపి, ఎండకు గొడుగు తెరిచి, ముల్లంగి కొనడానికి బయల్దేరాడు.